నలుగురూ వాడే డార్క్‌రూమ్‌లో పని చేయడం ఎలా: రీలు కడగడం నుంచి ట్రే కడిగిపెట్టడం దాకా

"డార్క్‌రూమ్‌లో స్లాట్ దొరికింది, లోపలికి వెళ్లాక ఏది ముట్టుకోవాలి, ఏది ముట్టుకోకూడదు?" ఫిల్మ్ కడిగి ఫోటో ప్రింట్లు వేసుకునే ఈ చీకటి గది గురించి ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. వీడియోలు బోలెడు ఉన్నాయి గానీ వాటిలో చాలావరకు ఇంట్లో బాత్రూమ్ తలుపు మూసుకుని ఒక్కరే పని చేసుకునేవాళ్ల కోసం చేసినవి. అక్కడ తప్పు చేస్తే మన ఫోటో పోతుంది, అంతే. కాలేజీలోనో, క్లబ్బులోనో, గంటల లెక్కన అద్దెకిచ్చే గదిలోనో అయితే మన తప్పుకి ఇంకొకరి ఫోటో పోతుంది, అదీ రెండు రోజుల తరవాత, ఎవరి వల్ల పోయిందో కూడా తెలియకుండా.

ఇక్కడ చెప్పేది బ్లాక్ అండ్ వైట్ పనికే: 35 ఎంఎం ఫిల్మ్, ప్లాస్టిక్ పూత ఉండే మామూలు ఆర్‌సీ ఫోటో పేపర్. కలర్ సంగతి వేరు, దాని జోలికి పోవడం లేదు.

1. స్లాట్ బుక్ చేసేముందు అడగాల్సినవి

ముందు గది చూసుకునేవాళ్లకి ఫోన్ చేసి నాలుగు సంగతులు కనుక్కోండి. కెమికల్స్ వాళ్లిస్తారా, మనం తెచ్చుకోవాలా? ఫిక్సర్ (తేలిన బొమ్మని చెరగకుండా నిలబెట్టే మందు) అందరికీ కలిపి ఒకటేనా? ఎన్‌లార్జర్‌లో (నెగటివ్ బొమ్మని పెద్దది చేసి పేపర్ మీద వేసే యంత్రం) మన నెగటివ్ సైజుకి క్యారియర్, అంటే దాన్ని పట్టి ఉంచే ఫ్రేమ్, ఉందా? అదే టైంలో ఇంకెవరైనా ప్రింట్ చేస్తుంటారా?

ఐదో ప్రశ్న మన ఊళ్లకి ప్రత్యేకం: కుళాయి నీళ్లు ఎంత వేడిగా ఉంటాయి? మందు డబ్బాల మీద రాసే టైములన్నీ 20 డిగ్రీల లెక్కన రాసినవి. మే నెలలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మిట్టమధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు 30 దాటేసి ఉంటాయి. అక్కడ ఫ్రిజ్ లేకపోతే ఐస్ మీరే పట్టుకెళ్లాలి.

మొదటి స్లాట్‌లోనే ఫిల్మ్ కడిగి, ప్రింట్లు కూడా వేసేద్దాం అనుకోకండి. ఫిల్మ్ పూర్తిగా ఆరడానికే గంటలు పడుతుంది. తడి ఆరని నెగటివ్‌ని ఎన్‌లార్జర్‌లో పెడితే అది గాజుకి అంటుకుని మొదటికే మోసం వస్తుంది. ఒక రోజు ఫిల్మ్, ఇంకో రోజు ప్రింట్లు.

ఆస్తమా ఉన్నవాళ్లు, చర్మం త్వరగా రియాక్ట్ అయ్యేవాళ్లు, గర్భిణులు ముందు డాక్టర్‌ని అడిగి రావడం మేలు. ఫిక్సర్ నుంచి సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది, అది ఆస్తమా ఉన్నవాళ్లని బాగా ఇబ్బంది పెడుతుంది. డెవలపర్‌లో (బొమ్మని తేల్చే మందు) ఉండే మెటాల్, హైడ్రోక్వినోన్ కొందరి చేతులకి దురద, దద్దుర్లు తెప్పిస్తాయి. ఒకసారి మెటాల్ ఎలర్జీ మొదలైతే మళ్లీ ముట్టుకున్న ప్రతిసారీ తిరగబెడుతుంది.

సంచిలో ఉండాల్సినవి:

- నైట్రైల్ గ్లవ్స్ రెండు మూడు జతలు
- కళ్లద్దాల లాంటి సేఫ్టీ గాగుల్స్
- పాత చొక్కా లేదా ఏప్రాన్, ముందు మూసి ఉండే చెప్పులు
- రెండు తువ్వాళ్లు, వేరే వేరే రంగులవి (ఎందుకో 5లో చెప్తాను)
- థర్మామీటర్, పర్మనెంట్ మార్కర్, మాస్కింగ్ టేప్
- చివరి కడుగుకి ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్, బ్యాటరీలకి పోసేదైనా సరే
- పేపర్, నెగటివ్ స్లీవ్స్

2. లైట్లు వెలుగుతుండగానే చేసేయాల్సిన పనులు

లోపలికి వెళ్లగానే పేపర్ పెట్టె తెరవకండి. ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. గంటకి పదిసార్లు గదిలో గాలి మారాలన్నది డార్క్‌రూమ్‌లకి మామూలుగా చెప్పే లెక్క. ఏసీ ఉంది కదా అని ఫ్యాన్ ఆపేసేవాళ్లు ఉంటారు. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది, బయటికి పంపదు. వాసన ఘాటుగా ఉండి ఫ్యాన్ తిరగకపోతే ఆ రోజు పని మానేయండి.

తరవాత గది రెండు భాగాలుగా కనిపించాలి. ఎన్‌లార్జర్, పేపర్, నెగటివ్‌లు ఉండేది పొడి వైపు. ట్రేలు, సింకు, సీసాలు ఉండేది తడి వైపు. ఎక్స్‌టెన్షన్ బాక్సు తడి వైపు నేల మీద పడి ఉంటే దాన్ని తీసి ఎత్తులో పెట్టే దాకా ఏదీ ఆన్ చేయకండి. తడి చేత్తో ఎన్‌లార్జర్ స్విచ్ వేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

కళ్లు కడుక్కునే కుళాయి ఎక్కడుందో, తలుపు గడియ ఎటు తిరుగుతుందో, తెల్ల లైటు స్విచ్ ఏదో, సేఫ్‌లైట్ (పేపర్‌ని పాడుచేయని మసక రంగు లైటు) స్విచ్ ఏదో కళ్లు మూసుకుని చేత్తో తడిమి చూడండి. రెండు స్విచ్‌లు పక్కపక్కనే ఉంటే తెల్ల లైటు స్విచ్ మీద టేప్ అడ్డంగా అంటించేయండి.

ఫోన్ బయట పెట్టండి. సైలెంట్‌లో పెట్టడం చాలదు, స్క్రీన్ వెలిగితే చాలు పేపర్ పాడైపోతుంది. స్మార్ట్‌వాచ్ చెయ్యి ఎత్తగానే వెలుగుతుంది, అదీ తీసేయండి. చీకట్లో మెరిసే ముళ్లున్న గడియారం ఫిల్మ్ ఎక్కించేటప్పుడు పనికిరాదు.

ఇక సేఫ్‌లైట్ నిజంగా సేఫేనా? ఎవరో బల్బు మార్చి ఉండొచ్చు, ఫిల్టర్‌కి బీటలు వచ్చి ఉండొచ్చు. మల్టీగ్రేడ్ పేపర్‌కి (ఫిల్టర్ మార్చి కాంట్రాస్ట్ మార్చుకునే పేపర్) ఆంబర్ లేదా లేత గోధుమరంగు ఫిల్టర్, 15 వాట్ల బల్బు, పేపర్‌కి కనీసం నాలుగడుగుల దూరం, ఇవి ఉన్నాయో లేదో చూడండి. అనుమానంగా ఉంటే ఒక పేపర్ ముక్కని ముందు ఎన్‌లార్జర్ కింద లేత బూడిదరంగు వచ్చేంత వెలుగు చూపించి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి, సేఫ్‌లైట్ కింద ఐదు నిమిషాలు వదిలేసి డెవలప్ చేయండి. బిళ్ల గుండ్రంగా అచ్చు పడిందంటే ఆ లైటు నమ్మదగ్గది కాదు. ముందు వెలుగు చూపించకుండా ఉత్త తెల్ల పేపర్ మీద ఈ పరీక్ష చేస్తే చాలాసార్లు పాసైపోతుంది, నమ్మకండి.

3. కెమికల్స్ కలపడం

ఇక్కడ అందరూ తొందరపడతారు. నా లెక్కలో పని మొత్తంలో అతి జాగ్రత్తగా ఉండాల్సింది ఈ పావుగంటే, ఎందుకంటే ట్రేలో ఉన్న పలచని ద్రావణం కంటే సీసాలోని చిక్కటి మందు, ప్యాకెట్‌లోని పొడి చాలా ప్రమాదం.

పొడి కలిపేటప్పుడు మాస్కు, గాగుల్స్, గ్లవ్స్ మూడూ ఉండాలి. నీళ్లలో పొడి నెమ్మదిగా వంచాలి, పై నుంచి గుమ్మరించకూడదు. ఎగిరిన పొడి బల్ల మీద పడి, ఆరి, తరవాతి వాళ్ల నెగటివ్ మీద మచ్చలవుతుంది.

డి-76 అనే డెవలపర్‌ని విడి కెమికల్స్‌తో సొంతంగా కలుపుకునేవాళ్లకి: లీటరుకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. వేసే వరస ముఖ్యం. చిటికెడు సల్ఫైట్ వేసి, మెటాల్ కరిగించి, ఆ తరవాతే మిగతా సల్ఫైట్. సల్ఫైట్ అంతా ముందే పోస్తే మెటాల్ కరగదు.

స్టాప్ బాత్ (డెవలపర్ పనిని ఆపే పుల్లటి ద్రావణం) కోసం గాఢ ఎసిటిక్ యాసిడ్ తేకండి. పాత స్టూడియోల అలవాటది, పంచుకునే గదికి అక్కర్లేదు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు లీటరు నీళ్లకి 15 గ్రాములు వేస్తే స్టాప్ బాత్ అయిపోతుంది, వాసన ఉండదు. ఏ యాసిడ్ అయినా నీళ్లలోకి యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు.

ఇంకో మాట, ఇది గట్టిగానే చెప్పాలి: కూల్‌డ్రింక్ సీసాల్లో, వాటర్ బాటిళ్లలో కెమికల్స్ పోయొద్దు. లేబుల్ అంటించినా సరే, వద్దు. ఫిక్సర్ చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది, దాహంతో ఉన్నవాడు లేబుల్ చదవడు. అలాగే అక్కడి కొలగ్లాసులు, గరిటెలు వంటింటికి వెళ్లకూడదు, వంటింటివి అక్కడికి రాకూడదు. గదిలో తిండి, టీ, నీళ్లు ఏవీ వద్దు.

ప్రతి సీసా మీదా టేప్ అంటించి ఇవి రాయండి:

- మందు పేరు, స్టాకా (చిక్కటి మందు) లేక నీళ్లు కలిపిందా
- ఎంతకి ఎంత కలిపారు
- కలిపిన తేదీ, మీ పేరు
- ఫిక్సర్ అయితే ఇప్పటిదాకా ఎన్ని రోళ్లు, ఎన్ని ప్రింట్లు

డి-76 స్టాక్ నిండు సీసాలో గట్టిగా మూత పెడితే ఆరు నెలలు, సగం సీసాలో రెండు నెలలు. టీ డికాషన్ రంగుకి తిరిగితే తేదీ ఏం చెప్పినా పారబోయడమే.

4. రీలు కడగడం, వరసగా

ఫిల్మ్‌ని ట్యాంకులోకి (వెలుగు చొరబడని డెవలపింగ్ డబ్బా) ఎక్కించేది కటిక చీకట్లోనే. పేపర్‌కి పనికొచ్చే సేఫ్‌లైట్ ఫిల్మ్‌ని నాశనం చేస్తుంది. పక్కవాళ్లు ప్రింట్ చేస్తుంటే చేంజింగ్ బ్యాగ్ (చేతులు దూర్చి పని చేసుకునే, వెలుగు చొరబడని సంచి) వాడండి, వాళ్లని లైటు ఆపమని అడగొద్దు. ఎండాకాలం బ్యాగ్‌లో చేతులకి చెమట పట్టి ఫిల్మ్ అంటుకుపోతుంది. అప్పుడు బలవంతం చేయకుండా ఫిల్మ్‌ని ట్యాంకులో పడేసి, మూత పెట్టి, చేతులు బయటికి తీసి తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టండి.

ప్లాస్టిక్ రీల్ (ట్యాంకులో ఫిల్మ్‌ని చుట్టే గాడుల చక్రం) తడిగా ఉంటే ఫిల్మ్ ముందుకు కదలదు. మీ ముందు స్లాట్ వాళ్లు అప్పుడే కడిగి పెట్టిన రీల్ పైకి పొడిగా కనిపించినా గాడుల్లో తడి ఉంటుంది. లోపలి చిన్న ఇనుప గుండు అటూ ఇటూ కదులుతోందా అని వేలితో తట్టి చూడండి. కదలకుండా అతుక్కుంటే తడి ఉన్నట్టే. హెయిర్ డ్రయర్‌తో చల్లగాలి పట్టండి.

ఉదాహరణకి ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్, 400 స్పీడ్‌కి తీసింది, డి-76 ఒకటికి ఒకటి నీళ్లు కలిపి:

1. స్టాక్ 150 మిల్లీలీటర్లు, నీళ్లు 150. ఉష్ణోగ్రత 20 డిగ్రీలు.
2. డెవలపర్ 11 నిమిషాలు. మొదటి పది సెకన్లలో ట్యాంకుని నాలుగుసార్లు తలకిందులు చేయాలి, తరవాత ప్రతి నిమిషం మొదట్లో మళ్లీ నాలుగుసార్లు. ప్రతిసారీ బల్లకేసి ఒకసారి తట్టండి, బుడగలు వదులుతాయి.
3. డెవలపర్ ఒంపేయండి. ఇలా పలచన చేసింది ఒక్కసారికే, తిరిగి సీసాలో పోయకూడదు.
4. స్టాప్ బాత్ పది సెకన్లు.
5. రాపిడ్ ఫిక్సర్, ఒకటికి నాలుగు నీళ్లు, 2 నుంచి 5 నిమిషాలు. ఇది తిరిగి దాని సీసాలోకే.
6. నీళ్లు నింపి ఐదుసార్లు తిప్పి పారబోయండి, మళ్లీ నింపి పదిసార్లు, మళ్లీ నింపి ఇరవైసార్లు. కుళాయి అరగంట వదిలేయక్కర్లేదు.
7. ఫిల్మ్‌ని రీల్ నుంచి విప్పి, వెట్టింగ్ ఏజెంట్ (నీటి చుక్కలు నిలవకుండా చేసే మందు) కలిపిన డిస్టిల్డ్ వాటర్‌లో అరనిమిషం ముంచి, పైనా కిందా క్లిప్పులు పెట్టి వేలాడదీయండి.

ఏడో అంకెలో "రీల్ నుంచి విప్పి" అన్నది ఊరికే రాయలేదు. వెట్టింగ్ ఏజెంట్ రీల్ గాడుల్లో ఎండి జిగురవుతుంది, నాలుగు రోజులకి ఆ రీల్ మీద ఎవరి ఫిల్మూ ఎక్కదు. గదిలో రీళ్లన్నీ మొరాయిస్తున్నాయంటే తొంభై శాతం ఇదే కారణమని నా అనుమానం. పాత టూత్‌బ్రష్‌తో గోరువెచ్చటి నీళ్లలో తోమితే మళ్లీ దారికొస్తాయి.

నీళ్లు 20కి దిగకపోతే 24 దగ్గర పని చేయొచ్చు. 11 నిమిషాలు సుమారు ఏడున్నర, ఎనిమిదికి తగ్గుతుంది. కంపెనీ ఇచ్చే టైం-టెంపరేచర్ చార్ట్ ఒకటి ప్రింట్ తీసి గోడకి అంటించేయండి, అందరికీ పనికొస్తుంది. ఐదు నిమిషాల కంటే తక్కువకి దిగొద్దు, మరకలు మరకలుగా వస్తుంది. డెవలపర్ చల్లగా ఉంచి, కడిగే నీళ్లు ఓవర్‌హెడ్ ట్యాంకులోంచి వేడివేడిగా పడితే ఫిల్మ్ మీది పొర ముడతలు పడుతుంది. అందుకే మొదలుపెట్టేముందే కడగడానికి కావాల్సిన నీళ్లు కూడా బకెట్‌లో పట్టి చల్లబరచండి. ఐస్ ముక్కలు ప్లాస్టిక్ కవర్లో కట్టి వేయాలి, నేరుగా మందులో వేస్తే అది పలచనవుతుంది.

బోరు నీళ్లున్న చోట చివరి ముంపు డిస్టిల్డ్ వాటర్‌తోనే చేయండి, లేకపోతే సున్నపు చారలు మిగులుతాయి. అక్కడ గోడకి వేలాడే రబ్బరు వైపర్‌తో ఫిల్మ్ తుడవకండి. దాని మీద ఎవరి ఫిల్మ్ ఇసుకరేణువు ఉందో మనకి తెలియదు, ముప్పై ఆరు ఫ్రేముల పొడవునా ఒకే గీత పడుతుంది.

5. తడి చెయ్యి, పొడి చెయ్యి

ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవండి.

ట్రేలు ఎడమ నుంచి కుడికి వరసగా ఉంటాయి: డెవలపర్, స్టాప్, ఫిక్సర్, నీళ్లు. పేపర్ ఎప్పుడూ ముందుకే వెళ్తుంది. వెనక్కి ఏదీ రాకూడదు, పేపరూ, టాంగ్సూ (పేపర్ పట్టే పట్టకారు), చెయ్యీ. డెవలపర్ కొంచెం ఫిక్సర్‌లో పడితే ఫిక్సర్ త్వరగా నీరసపడుతుంది, అంతే. ఫిక్సర్ డెవలపర్‌లో పడితే మాత్రం ట్రే మొత్తం పారబోయాల్సిందే.

ఒక్కో ట్రేకి ఒక్కో జత టాంగ్స్, రంగు వేరుగా. డెవలపర్ టాంగ్స్‌తో పేపర్ అంచు పట్టుకుని ఎత్తి, పది సెకన్లు కారనిచ్చి, స్టాప్ ట్రే పైనుంచి వదిలేయాలి. టాంగ్స్ కొస స్టాప్‌లో మునగకూడదు. మునిగితే పెద్ద గొడవేం లేదు, కుళాయి కింద బాగా కడిగి తుడిచి మళ్లీ డెవలపర్‌లో పెట్టండి. కడగకుండా పెట్టకండి.

తడి చెయ్యి పొడి వైపుకి పోకూడదు. ఫిక్సర్ అంటిన వేలితో కొత్త పేపర్ పట్టుకుంటే డెవలపర్‌లో వేయగానే తెల్లటి వేలిముద్ర తేలుతుంది. అదే వేలు ఎన్‌లార్జర్ ఫోకస్ నాబ్ మీద, పేపర్ పెట్టె మీద, తలుపు గడియ మీద పడితే అక్కడ ఫిక్సర్ ఎండి కూర్చుంటుంది. మర్నాడు వచ్చినవాళ్లు చేతులు శుభ్రంగా కడుక్కున్నాకే పని మొదలుపెడతారు, అయినా వాళ్ల పేపర్ మీద వేలిముద్రలు వస్తాయి, ఎక్కణ్నుంచో అర్థంకాక జుట్టు పీక్కుంటారు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నట్టు, అసలు చేతులు ముంచకుండా టాంగ్స్‌తోనే పని కానివ్వండి. గ్లవ్స్ వేసుకుని ముంచేవాళ్లు ఎన్‌లార్జర్ దగ్గరికి వచ్చేముందు గ్లవ్స్ తీసేయాలి. గ్లవ్స్ మన చర్మాన్ని కాపాడతాయి గానీ పక్కవాడి పేపర్‌ని కాపాడవు.

రెండు తువ్వాళ్ల సంగతి ఇదే. ఒకటి తడి వైపు చేతులు తుడుచుకోడానికి. రెండోది చేతులు సబ్బుతో కడిగాక పొడి వైపు వాడటానికి. రెండూ ఒకే రంగువైతే సేఫ్‌లైట్ కింద తేడా తెలియదు, అందుకే ఒకటి ముదురు, ఒకటి లేత.

6. ప్రింట్ వేయడం

మల్టీగ్రేడ్ డెవలపర్ ఒకటికి తొమ్మిది, అంటే 8×10 ట్రేలో 100 మిల్లీలీటర్ల మందు, 900 నీళ్లు.

1. నెగటివ్ క్యారియర్‌లో పెట్టి, దుమ్ము బల్బుతో ఊది, క్యారియర్ పూర్తిగా మూశాకే ల్యాంప్ వేయండి. ల్యాంప్ వెలుగుతుండగా హెడ్ ఎత్తితే ఆ వెలుగంతా పక్క బల్ల మీది పేపర్ మీద పడుతుంది.
2. లెన్స్ పూర్తిగా తెరిచి ఫోకస్ చేసి, ఎఫ్ 8కి మూయండి. గ్రేడ్ 2 (మామూలు కాంట్రాస్ట్) ఫిల్టర్. ఫిల్టర్లని ఫ్రేమ్ పట్టుకునే తీయాలి, మధ్యలో వేలు పెట్టకూడదు.
3. పేపర్ పెట్టె తెరిచేముందు గదిలో వాళ్లకి చెప్పండి. తీశాక నల్ల కవర్ మడిచి, మూత పెట్టండి. ఒక్క పేపరే కదా అని మూత తీసి ఉంచొద్దు.
4. టెస్ట్ స్ట్రిప్ (ఎన్ని సెకన్ల వెలుగు కావాలో తేల్చే పేపర్ ముక్క): అట్టముక్క జరుపుతూ ఐదేసి సెకన్ల చొప్పున ఐదు మెట్లు.
5. డెవలపర్‌లోకి పేపర్ ఒక అంచు నుంచి ఒకే ఊపులో జారవిడవండి. ట్రే ఒక మూల ఎత్తి దించుతూ ఉండండి. పావు నిమిషంలోపే నల్లటి భాగాలు తేలడం మొదలవుతుంది. అప్పుడే నల్లబడిపోతోందని కంగారుపడి తీసేయకండి, ఆర్‌సీ పేపర్‌కి నిమిషం పూర్తవ్వాల్సిందే. ముందే తీస్తే మట్టిరంగు ప్రింట్ వస్తుంది.
6. స్టాప్ పది సెకన్లు, ఫిక్సర్ అరనిమిషం, పారే నీళ్లలో రెండు నిమిషాలు.

స్ట్రిప్‌లో ఏ మెట్టు బాగుందో తెల్ల లైటు కింద చూడాలనిపిస్తుంది. ముందు అడగాలి. "లైట్ వేయనా అన్నా?" అని అడిగి, అందరి నుంచీ "వేసుకో" అన్న మాట వినిపించాకే. ఎవరూ పలకలేదంటే ఒప్పుకున్నట్టు కాదు. నేనైతే స్ట్రిప్‌ని చిన్న ట్రేలో పెట్టుకుని బయటికి తీసుకెళ్లి చూస్తాను, ఎవరికీ అడ్డం ఉండదు, కారే చుక్కలు నేల మీద పడవు. బయటి నుంచి వచ్చేవాళ్లకీ ఇదే: తలుపు తట్టాలి, లోపలి నుంచి "రా" అనేదాకా ఆగాలి.

కడిగే ట్రేలో పది నిమిషాలుగా ఎవరివో ప్రింట్లు తిరుగుతుంటాయి. మీరు ఫిక్సర్ కారుతున్న ప్రింట్‌ని నేరుగా అందులో వేస్తే వాళ్ల లెక్క మళ్లీ సున్నా నుంచి. ముందు విడిగా ఒక ట్రేలో తొలిపి ఆ తరవాత వేయండి, వేశానని చెప్పండి. ప్లాస్టిక్ పూత లేని ఫైబర్ పేపర్ అయితే వాష్ ఎయిడ్ (కడుగు త్వరగా అయ్యేలా చేసే మందు) లేకుండా గంట పడుతుంది, కాబట్టి ఆ పని పెట్టుకునేవాళ్లు స్లాట్ ఆ లెక్కన తీసుకోవాలి. ట్యాంకర్ నీళ్ల మీద నడిచే గదుల్లో నాలుగైదు ప్రింట్లు పోగుచేసి ఒకేసారి కడగడం మర్యాద.

రెండు ప్రింట్లు ఒకే టైం ఇచ్చినా ఒకటి ముదురుగా వచ్చిందంటే ముందు కరెంటుని అనుమానించండి. ఏసీ కంప్రెసర్ మొదలైనప్పుడల్లా వోల్టేజ్ పడి ఎన్‌లార్జర్ బల్బు మసకబారుతుంది. స్టెబిలైజర్ పెట్టించండి, లేదా కంప్రెసర్ ఆగాక ఎక్స్‌పోజ్ చేయండి.

కరెంటు పోతే? పేపర్ పెట్టె మూయండి, ఎన్‌లార్జర్ స్విచ్, తెల్ల లైటు స్విచ్ ఆఫ్‌లో ఉన్నాయో లేదో చూడండి. చీకట్లో స్విచ్ ఎటు నొక్కామో తెలియక వదిలేస్తే కరెంటు వచ్చిన క్షణాన గదంతా వెలుగైపోతుంది. ట్యాంకులో ఫిల్మ్ ఉంటే దానికేం కాదు, లెక్క పెట్టుకుంటూ కొనసాగించండి.

ప్రింట్ రంగు మార్చే టోనర్ల విషయం వేరు. సెలీనియం విషం, గాలి బాగా ఆడే చోట గ్లవ్స్‌తోనే. సల్ఫైడ్ సెపియా కుళ్లిన గుడ్ల వాసనతో పాటు గదిలో ఉన్న వాడని పేపర్‌ని కూడా పాడు చేస్తుంది, అందుకే బయట వరండాలో చేసుకోండి. బ్లీచింగ్‌కి వాడే ఫెర్రిసైనైడ్‌ని గాఢమైన యాసిడ్‌తో కలవనివ్వకండి, సైనైడ్ వాయువు వస్తుంది. మూడింటికీ గది చూసుకునేవాళ్ల అనుమతి తప్పనిసరి.

7. వాడేసిన ఫిక్సర్

ఫిక్సర్ ఇంకా పని చేస్తోందా అన్నది రంగు చూసి చెప్పలేం. 35 ఎంఎం ఫిల్మ్ మొదట్లో కత్తిరించేసే నాలుక ముక్క ఉంటుంది కదా, అది దాచుకోండి. లైట్లోనే ఫిక్సర్‌లో వేసి, పాలరంగు పోయి పారదర్శకం కావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. దానికి రెట్టింపు మీ ఫిక్సింగ్ టైం. కొత్త ఫిక్సర్‌లో 30 సెకన్లు పట్టింది ఇప్పుడు నిమిషం పడుతుంటే ఆ ఫిక్సర్ పని అయిపోయింది. కొత్తది కలిపిన రోజు వచ్చిన అంకె సీసా మీద రాస్తేనే ఈ లెక్క కుదురుతుంది.

అయిపోయిన ఫిక్సర్‌ని సింకులో పోయొద్దు. ఫిల్మ్ నుంచి, పేపర్ నుంచి కరిగిన వెండి అంతా అందులోనే ఉంటుంది, నీళ్లలోని జీవులకి అది హాని. సెప్టిక్ ట్యాంకు ఉన్న భవనమైతే అందులో బ్యాక్టీరియాని కూడా చంపుతుంది. ఆసుపత్రుల ఎక్స్‌రే ద్రావణాన్ని 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల్లో విడిగా పెట్టి, ముందు వెండి తీసి, శుద్ధి చేశాకే మురుగులో కలపమన్నది ఇందుకే.

"వాడేసిన ఫిక్సర్" అని రాసిన క్యాన్ ఒకటి పెట్టి అందులో పోగుచేయండి. ఎక్స్‌రే హైపో (వాడేసిన ఫిక్సర్) కొనే వెండి రికవరీ వాళ్లని వెతికి ఇవ్వడం అన్నిటికంటే తేలిక. అమెరికాలోనో, ఇంగ్లండ్‌లోనో అద్దె డార్క్‌రూమ్‌లకి వెళ్లే మనవాళ్లకి ఈ క్యాన్ గది మూలనే కనిపిస్తుంది, ఏది అందులో పోయాలో గోడ మీద రాసి ఉంటుంది, అది చదివి పాటిస్తే సరి. క్యాన్‌లో ఇంకేమీ కలపొద్దు. బాత్రూమ్ క్లీనర్, బ్లీచింగ్ పౌడర్ లాంటివి పడితే విషవాయువులు వస్తాయి.

8. ఒంటి మీద పడితే

- కంట్లో పడితే: ఆగకుండా 15 నిమిషాలు నీళ్లతో కడిగి, ఆ తరవాత డాక్టర్ దగ్గరికి. లెన్సులు ఉంటే తీసేయాలి.
- చర్మం మీద: వెంటనే నీళ్లు, తరవాత సబ్బు.
- మింగితే: వాంతి చేయించొద్దు. 108కి ఫోన్ చేసి, సీసానో దాని లేబుల్ ఫోటోనో వెంట తీసుకెళ్లండి.
- తల తిరిగినా, ఊపిరాడకపోయినా: పేపర్ పోతే పోయింది, తలుపు తీసుకుని బయటికి.

9. తాళం వేసేముందు

స్లాట్‌లో చివరి అరగంట దీనికే ఉంచుకోండి. ఐదు నిమిషాల్లో అయ్యే పని కాదు.

- ట్రేలు, టాంగ్స్, కొలగ్లాసులు కడిగి బోర్లించాలి
- చిందిన చోటల్లా తడిగుడ్డతో తుడవాలి, ఎండిన ఫిక్సర్ తెల్లటి పొడై ఎగురుతుంది
- క్యారియర్‌లో నెగటివ్ మర్చిపోలేదు కదా?
- లెన్స్ మూత, ఎన్‌లార్జర్ కవర్, ప్లగ్ తీసేయడం
- ఫిక్సర్ సీసా మీద ఇవాళ్టి రోళ్లు, ప్రింట్లు కలపడం
- ఆరుతున్న ఫిల్మ్ క్లిప్పుకి పేరు, ఎప్పుడు తీసుకెళ్తారో చీటీ
- పేపర్ ఎవరిదో తెలియకపోతే పెట్టె తెరిచి చూడకపోవడం

ఏదైనా విరిగినా, బల్బు మాడినా లాగ్‌బుక్‌లో రాయండి. బల్బు మాడిన సంగతి ముందే తెలిస్తే తరవాతి వాళ్లు ఒకటి కొనుక్కొస్తారు, తెలియకపోతే వాళ్ల స్లాట్ డబ్బులు వృథా.

10. తేడా వస్తే ఎక్కడ వెతకాలి

*ప్రింట్‌లో తెల్లగా ఉండాల్సిన అంచులు కూడా బూడిదరంగు:* సేఫ్‌లైట్, పాత పేపర్, లేదా ఎవరో మూత తెరిచి వదిలిన పెట్టె. రెండోది కొత్త పెట్టెలో పేపర్‌తో పోల్చితే తేలిపోతుంది.

*తెల్ల చుక్కలు:* నెగటివ్ మీద దుమ్ము. *నల్ల చుక్కలు:* నెగటివ్‌లోనే చిన్న రంధ్రాలు, ఊదితే పోవు.

*ఫిల్మ్ మీద పాలలాంటి పొర:* ఫిక్సింగ్ చాలలేదు. లైట్లోనే మళ్లీ కొత్త ఫిక్సర్‌లో వేసి కడగండి, చాలావరకు బాగుపడుతుంది.

*అర్ధచంద్రాకారపు మచ్చలు:* రీల్ మీద ఎక్కించేటప్పుడు ఫిల్మ్ మడత పడింది.

*వారాల తరవాత ప్రింట్ మీద పసుపు, గోధుమ మరకలు:* ఫిక్సర్ నీరసించింది, లేదా కడుగు చాలలేదు. ఆ తేదీన లాగ్‌బుక్‌లో ఇంకెవరి పేరుందో చూసి వాళ్లకీ చెప్పండి. వాళ్లు మళ్లీ ఫిక్స్ చేసుకుంటే ఇంకా మరకలు రాని ప్రింట్లయినా దక్కుతాయి.

*ఫిల్మ్ మొత్తం ఖాళీ:* అంచున కంపెనీ పేరు, ఫ్రేమ్ అంకెలు కనిపిస్తున్నాయా చూడండి. కనిపిస్తే డెవలపర్ బాగానే పని చేసింది, లోపం కెమెరాలో ఉంది, ఫిల్మ్ ముందుకు కదలలేదేమో. అంకెలు కూడా లేకపోతే డెవలపర్ చచ్చిపోయింది, లేదా ముందు పోసింది ఫిక్సర్. లేబుల్ ఏం చెప్పినా సరే, ఒక ఫిల్మ్ నాలుక ముక్కని లైట్లోనే ఆ సీసాలోని మందులో వేయండి. డెవలపర్ అయితే కొద్ది నిమిషాల్లో నల్లబడుతుంది, ఫిక్సర్ అయితే పారదర్శకమవుతుంది, ఏమీ కాకపోతే మందులో పస లేదు. నల్లబడకపోతే సీసా మీద "వాడొద్దు" అని పెద్దక్షరాలతో రాసి పక్కన పెట్టి, తరవాతి స్లాట్ వాళ్లకి అప్పుడే ఫోన్ చేయండి, వాళ్లు ఫిల్మ్ ఎక్కించకముందే.